ఎర్ర చుక్క, పచ్చ చుక్క

మామ పోయిన ఏడాదికి కోవిల్‌పట్టి నుంచి అత్త ఫోను చేసింది. మిద్దె కారుతోందని పైన కొత్తగా గచ్చు వేయిస్తున్నారట. "ఆ గొట్టం ఇంకా మెట్లకింద గదిలోనే ఉండాదిరా సామీ. పనివాండ్లు పాతసామాన్లవానికి ఏసేద్దామా అంటుండారు. నాకి మనసు ఒప్పలే. నువ్వొచ్చి తీసకపో" అంది. మామ అంటే మా అమ్మ తమ్ముడు. ఒక బడిలో లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరైన మనిషి. గొట్టం అంటే ఆయన చేత్తో చేసుకున్న టెలిస్కోపు. నేను చెన్నై నుంచి రైలెక్కి వెళ్ళాను. అత్త మెట్లకింద లైటు వేసి, గొట్టం మీద దుమ్ము కొంగుతో తుడిచి, "రంగంతా పోయింది చూడు" అంది. ఏ రంగు పోయిందో, ఏ రంగు మిగిలిందో నాకు తెలీదు. అయినా తల ఊపాను. ఊపగానే మెడ వెనక నుంచి చెవులదాకా వేడి పాకింది. యాభై దాటినవాణ్ణి, తల నెరిసినవాణ్ణి, ముసలి అత్త ముందు ఒక పాత గొట్టం దగ్గర నిలబడి సిగ్గుతో చెవులు కాలుతుంటే, ఇది ఇంకా పోలేదా అని నామీద నాకే చిరాకేసింది.

మాది విరుదునగర్. నాయిన బజారులో ఒక మిరపకాయల మండీలో పనిచేసేవాడు. బస్తాలోంచి గుప్పెడు కాయలు అరచేతిలో పోసుకుని ఒక్క చూపు చూస్తే చాలు, అది ఏ వైపు నేలలో పండిన కాయో, ఎలా ఎండిందో, అందులో తాలు ఎంత కలిసిందో చెప్పేసేవాడు. సాయంత్రం ఇంటికొస్తే ఆయనకంటే ముందు ఆయన చొక్కా ఘాటు లోపలికి వచ్చేది. అమ్మ ఆ చొక్కాను మిగతా బట్టలతో కలపకుండా విడిగా నానబెట్టేది. కొత్తగా వచ్చిన చుట్టాలు గడపలోనే తుమ్మడం మొదలుపెడితే మేము నవ్వుకునేవాళ్ళం. నాయిన తల్లిని మేము అవ్వ అనేవాళ్ళం. అవ్వ వసారాలో గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని, ముందర గోనెపట్టా పరుచుకుని, ఇంటివాడకానికి తెచ్చిన కాయల్లోంచి పాలిపోయిన తాలుకాయలు ఏరేది. సెలవుల్లో ఆ పనికి నన్నూ కూర్చోబెట్టేది. నేను వేరుచేసిన కుప్పలు చూసి నుదురు కొట్టుకునేది. "కండ్లు యాడ పెట్టుకోని ఏరినావురా? బడిలో గూడా ఇట్లనే చదువుతావా?" అని అరిచేది. నేను ఆ కాయలను చూపుతో కాక వేళ్ళతో ఏరుతున్నానని ఆమెకు తెలీదు. మంచికాయ నొక్కితే తోలుగా వంగుతుంది, తాలుకాయ కాగితంలా చిట్లుతుంది. లోకమంతా అలాగే ఏరుతుందని నేననుకునేవాణ్ణి.

నా కంటి సంగతి అంతకాలం బయటపడకపోవడానికి మా భాష కూడా ఒక కారణం. గడపలోపల తెలుగు, గడప దాటితే తమిళం. మా ఇంటి తెలుగు చదివేదీ కాదు, రాసేదీ కాదు, నోట్లో మాత్రమే ఉండేది. అందులో పసుపుకొమ్మూ పచ్చనే, వేపాకూ పచ్చనే. బడిలో తమిళంలో పచ్చ అంటే ఆకురంగు ఒక్కటే. నేను రంగు పెన్సిలు తప్పుగా పట్టుకున్నప్పుడల్లా డ్రాయింగు మాస్టారు, "ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకి ఈ తికమక మామూలే" అని తేల్చేసేవారు. క్లాసంతా నవ్వేది. అందువల్ల ఆ రోజుల్లో నేను సిగ్గుపడింది నా కళ్ళ గురించి కాదు, మా భాష గురించి. స్నేహితులు ఇంటికొస్తే అమ్మతో తమిళంలో మాట్లాడేవాణ్ణి. అమ్మ ఒకసారి నావైపు వింతగా చూసి, తెలుగులోనే జవాబిచ్చి, లోపలికి వెళ్ళిపోయేది.

సెలవులొస్తే కోవిల్‌పట్టి. అక్కడ గాలి వేరు. మామ ఇల్లున్న వీధి చివర అగ్గిపెట్టెలు చేసే పట్టళ్ళు, అంటే చిన్న చిన్న కార్ఖానాలు, ఉండేవి. మైనం కరిగిన వాసన, గంధకం వాసన, వాటి మధ్య ఎక్కడో కడలమిఠాయికి, అంటే వేరుశెనగ చిక్కీకి, బెల్లం పాకం పడుతున్న వాసన. మామ పొద్దున్నే లేచి, పంచె మడిచికట్టి, బావిలోంచి నీళ్ళు తోడి, ఇల్లంతా నింపి, అప్పుడు కాఫీ తాగేవాడు. ఆయన బట్టలన్నీ తెల్లవి. చొక్కా తెలుపు, పంచె తెలుపు, బడికి వేసుకునే ప్యాంటు కూడా తెలుపే. "మీ మామకి శుబ్రం పిచ్చి" అని అత్త మురిపెంగా చెప్పుకునేది. లెక్కల మాస్టారు అలాగే ఉండాలి కాబోలని నేననుకునేవాణ్ణి.

టెలిస్కోపు అద్దాన్ని ఆయన పెరట్లో, ఒక నూనెపీపా మీద పెట్టి అరగదీశాడు. మందపాటి గాజుబిళ్ళలు రెండు, మధ్యలో గరుకుపొడి, కాస్త నీళ్ళు. పై బిళ్ళను ముందుకీ వెనక్కీ తోస్తూ పీపా చుట్టూ తిరగాలి. వేసవి సెలవులంతా ఆయన అలా తిరిగాడు. నేనూ తిరిగాను. గాజు మీద గాజు రాసే ఆ గుర్రుగుర్రు శబ్దం విని పక్కింటివాళ్ళు మేము ఏదో పిండి విసురుతున్నామనుకున్నారు. అద్దం నునుపుదేలాక వెండిపూతకు పంపించి, రేకుగొట్టం చేయించి, వడ్రంగి చేత కొయ్యపీఠం కట్టించి, ఒక సాయంత్రం మిద్దె మీద నిలబెట్టాడు. చంద్రుణ్ణి, శనిని చూడటానికి వీధివీధంతా మెట్లెక్కింది. కానీ మామ ప్రాణమంతా జంట చుక్కల మీద ఉండేది. మామూలు కంటికి ఒకటిగా కనిపించే చుక్క గొట్టంలో చూస్తే రెండుగా విడిపోతుంది. కొన్ని జంటలు ఊరికే ఒకే వరసలో ఉన్నవి, కొన్ని నిజంగానే ఒకదాని చుట్టూ ఒకటి తిరిగేవి. ఆయన ఒక్కో జంటను పట్టుకుని, కంటికటకం తిప్పి, ఊపిరి బిగబట్టి చూసి, పక్కకు జరిగి, "చూడురా, పెద్దది ఎరుపు, చిన్నది పచ్చ" అనేవాడు. ఎక్కువగా చూపించేది హెర్క్యులిస్ నక్షత్రమండలంలోని రాస్ అల్గేతి. అది మా ఊళ్ళల్లో ఆడిమాసం, అంటే జూలై-ఆగస్టు, సాయంత్రాలు దాదాపు నడినెత్తి మీదికి వస్తుంది. ఆ నెలలో బడి లేని రోజు దొరికితే నేనూ బస్సెక్కేవాణ్ణి. నేను స్టూలెక్కి చూస్తే నిజంగానే రెండు చుక్కలు. ఒకటి ధగధగలాడేది, దాన్ని ఆనుకుని ఒకటి మసకగా. ధగధగలాడేదాన్ని ఎరుపంటారని, మసకదాన్ని పచ్చ అంటారని నేను నేర్చుకున్నాను. అబద్ధం ఆడుతున్నానని నాకు ఏనాడూ అనిపించలేదు. "ఏమి అగుపడుతుండాది?" అని మామ అడిగితే, "పెద్దది ఎరుపు, చిన్నది పచ్చ" అనేవాణ్ణి. ఆయన ముఖం విప్పారేది. ఆ సంతోషం ఎందుకో నాకు చాలా తర్వాత తెలిసింది.

కాలేజీ అయ్యాక రైల్వేలో అసిస్టెంటు డ్రైవరు పరీక్ష రాసి పాసయ్యాను. మండీలో నాయిన నడక మారిపోయింది. "మా వాడు ఇంజను తోలుకోని మన స్టేషనుకే వస్తాడు, నేను ప్లాట్‌ఫారం మీద నిలబడి చెయ్యెత్తుతాను" అని కనబడినవాళ్ళందరికీ చెప్పాడు. ఇంక మిగిలింది మదురైలో వైద్యపరీక్ష. నేను దిట్టంగా ఉండేవాణ్ణి, ఎంత చిన్న అక్షరమైనా చదివేవాణ్ణి. భయపడటానికి ఏముంది?

అక్కడ ముందుగా చుక్కల పుస్తకం ఒకటి తెరిచారు. పేజీ నిండా రంగు రంగు బొట్లు, వాటిలో అంకె కనబడుతుందట. నా ముందున్న కుర్రాళ్ళు పేజీ తిప్పడం ఆలస్యం, అంకె చెప్పేస్తున్నారు. నాకు బొట్లు తప్ప ఏమీ కనిపించలేదు. పేజీలు తిరిగేకొద్దీ వీపు మీద చెమట పట్టింది. డాక్టరు పెద్దాయన, మంచివాడు. "కంగారుపడకు తంబీ" అని ఇంకో గదిలోకి తీసుకెళ్ళి తలుపులు మూశాడు. చీకట్లో ఎదురుగా గోడ దగ్గర ఒక దీపంపెట్టె. పెట్టెకు సన్నటి రంధ్రాలు రెండు. వాటిలోంచి పక్కపక్కనే రెండు వెలుగుచుక్కలు. ఒకటి కాంతిగా, ఒకటి మసకగా. నా ప్రాణం లేచొచ్చింది. ఇది నాకు తెలిసిందే, చిన్నప్పటినుంచి చూస్తున్నదే.

"ఏం రంగులు?" అన్నాడు.

"పెద్దది ఎరుపు, చిన్నది పచ్చ" అన్నాను గట్టిగా.

 చీకట్లోంచి ఆయన మెల్లగా అన్నాడు. "రెండూ పచ్చే తంబీ. ఒకదాని ముందు మసకగాజు పెట్టాను, అంతే. ఎవరు నేర్పారు నీకు అలా చెప్పమని?"

"మా మామ" అన్నాను.

ఆయన లైటు వేశాడు. నన్ను జాలిగా చూసి, ఇది రోగం కాదనీ, పుట్టుకతో వచ్చేదనీ, తల్లివైపు నుంచి మగపిల్లలకు దిగుతుందనీ, ఇంజను ఉద్యోగానికి పనికిరానుగానీ బతకడానికి దీనివల్ల ఏ ఇబ్బందీ ఉండదనీ చెప్పాడు. బయట బల్ల మీద వరసలో కూర్చున్నవాళ్ళు నా ముఖం చూసి సర్దుకుని దారిచ్చారు. విరుదునగర్ బస్సు ఒక రైలుగేటు దగ్గర ఆగింది. అప్పుడే చీకటి పడుతోంది. కిటికీలోంచి సిగ్నలు దీపం కనిపించింది. దానిపక్కన టీకొట్టు బల్బు కనిపించింది. రెంటినీ మార్చి మార్చి చూశాను. కళ్ళు నీళ్ళు కారేదాకా చూశాను. నాకు రెండూ ఒకటే.

ఇంట్లో నాయిన చొక్కా కూడా విప్పకుండా వాకిట్లో ఎదురుచూస్తున్నాడు. నేను డాక్టరు చెప్పింది చెప్పినట్టు అప్పజెప్పాను, తల్లివైపు అన్న మాటతో సహా. ఆ ఒక్క మాట మింగేసి ఉంటే ఏమయ్యేదని తర్వాత ఎన్నిసార్లు అనుకున్నానో. అవ్వ ఆ మాటను పట్టేసుకుంది.

"మా వంశంలో ఎవురికీ ఇట్లాంటి కండ్లు లేవు. మిరపకాయ కుప్పల్లో పెరిగిన పిల్లోడికి ఎరుపు తెలీదంటే ఊరు నవ్వదా? ఇది నీ పుట్టింటి సొత్తు, తల్లీ. ఏమిచ్చి పంపినారు అనుకుంటాంటిమి. ఇదే ఇచ్చినారు" అంది అమ్మతో.

అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. చారులో పోపు వేసింది. పోపు మాడిన వాసన ఇల్లంతా వచ్చినా గరిటె కదపలేదు. నాయిన అవ్వను ఆపలేదు. మర్నాడు మండీకి వెళ్ళలేదు, ఆ మర్నాడూ వెళ్ళలేదు. ఎవరైనా వాకిట్లోంచి పిలిస్తే ఇంట్లో లేనని చెప్పించేవాడు. నేను గదిలో గోడవైపు తిరిగి పడుకుని, వసారాలో అవ్వ ఏరుతున్న కాయల చప్పుడు వినేవాణ్ణి.

మామకు ఎవరు కబురు చేశారో తెలీదు. ఆదివారం పొద్దున బస్సు దిగి వచ్చాడు. మంచినీళ్ళిచ్చినా పుచ్చుకోలేదు. నాయిన కుర్చీ ముందు నిలబడ్డాడు. అవ్వ మళ్ళీ మొదలుపెట్టబోతుంటే, "అక్కను ఏమీ అనకండి పెద్దమ్మా" అన్నాడు. తర్వాత నాయినవైపు తిరిగాడు. "బావా, నాకీ తెలీదు."

"ఏమి తెలీదు?" అన్నాడు నాయిన.

"ఎరుపేదో పచ్చేదో. పుట్టినప్పటినుంచి తెలీదు. కాలేజీలో నేను చేరింది కెమిస్ట్రీకి. ప్రాక్టికల్లో గాజుగొట్టంలో రంగు మారితే చెప్పాలి. ఒక్కసారి గూడా సరిగా చెప్పలేకపోతిని. అందరూ నగితే వెక్కమేసి, తలెత్తుకోలేక, లెక్కలకు మారిపోతిని. ఇంట్లో లెక్కలంటే ఇష్టమని చెప్తిని. అక్కకు గూడా తెలీదు."

"మరి మిద్దెమీద ఎరుపు, పచ్చ అని ఊరందరికీ చెప్తుండావే? వీనికీ నువ్వే గదా నేర్పింది?"

"పుస్తకంలో ఉండేది చెప్తిని బావా. జనం రంగు అడుగుతారు. ఉత్త రెండు చుక్కలంటే ఎవురు మెట్లెక్కి వస్తారు? వీడు చూసి, ఎరుపు, పచ్చ అంటే, సరి, అట్లయితే ఉండేది నిజమే, వీడన్నా చూస్తుండాడు, అని సంతోషపడితిని. వీనికీ నా కండ్లే వచ్చినాయని నాకి తోచలే. తోచిండాల."

ఆ గదిలో నేను తలెత్తి మామ ముఖం చూడలేకపోయాను. ఆయన తెల్లచొక్కా చేతులు మోచేతుల దగ్గర చెమటతో తడిసిపోయి ఉన్నాయి. ఇన్నేళ్ళూ ఆయన చెబితే నేను వల్లించాను, నేను వల్లిస్తే ఆయన నమ్మాడు. ఇద్దరిలో ఒక్కరూ చూసింది లేదు. నాకోసం వచ్చిన సిగ్గుకంటే ఆయనకోసం వచ్చిన సిగ్గు ఎక్కువైంది. పెద్దవాళ్ళు మన ముందు చిన్నబోవడం చూడటం ఎంత కష్టమో నాకు ఆ రోజు తెలిసింది. నాయిన లేచి, చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. అవ్వ గోనెపట్టా మడుచుకుంది.

అప్పుడు అమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఆమె గొంతులో కోపం ఉంది.

"నాకి అగుపడుతుంది గదరా అన్నీ" అంది తమ్ముడితో. "ఇన్నేండ్లుగా ఊరందరినీ పిలిచినావు. చూసి చెప్పక్కా అని ఒక్కనాడు నన్ను పిలిచినావా?"

 నిజమే. మేము మిద్దె మీద ఉన్నంతసేపూ అమ్మా అత్తా కింద వంటింట్లో ఉండేవాళ్ళు. పైకి కాఫీ అందించడానికి వచ్చేవాళ్ళు, గ్లాసులు తీసుకుని దిగిపోయేవాళ్ళు.

ఆడిమాసంలో అమ్మ కోవిల్‌పట్టి వచ్చింది. ఆ నెల అక్కడ గాలి అంటే మామూలు గాలి కాదు, మిద్దె మీద మనిషిని నిలబడనివ్వదు. గొట్టం వణికిపోతుంటే మామా నేనూ చెరోవైపు దుప్పటి పట్టుకుని అడ్డుగా నిలబడ్డాం. అమ్మ చీర గోచీలా బిగించి స్టూలెక్కింది. ముందు రెండు కళ్ళూ మూసింది. తర్వాత తెరవాల్సిన కన్ను మూసి మూయాల్సింది తెరిచింది. "ఏమీ లేదురా, అంతా నలుపు" అంది. మామ ఓపిగ్గా చెప్పాడు. కాసేపటికి అమ్మ కన్ను కుదిరింది.  గాలికి దుప్పటి పటపట కొట్టుకుంటోంది.

"ఏం రంగుక్కా?" అన్నాడు మామ. ఆయన గొంతు చిన్నపిల్లవాడి గొంతులా ఉంది.

"మీరు చెప్పే ఎరుపు కాదుపో ఇది. బాగా పండిన గుమ్మడికాయ కోస్తే లోపల ఉంటాది చూడు, అది. పక్కన ఉండే చిన్నది..." అని ఆగి, "వేపచిగురు కాదు, ముదురాకు కాదు. గోరింటాకు నూరితే పైన తేరుతుందే నీళ్ళు, ఆ పచ్చ" అంది.

మాకు గుమ్మడికాయ లోపలి రంగూ తెలీదు, గోరింటాకు నీళ్ళ రంగూ తెలీదు. అయినా ఇద్దరం దుప్పటి పట్టుకుని అలాగే నిలబడి వింటూ ఉండిపోయాం. చాలా ఏళ్ళకు మామ ఎక్కడో చదివి చెప్పాడు, ఆ చిన్నచుక్క అసలు పచ్చగా ఉండదట, పెద్దదాని రంగు పక్కన ఉండటం వల్ల మంచి కళ్ళున్నవాళ్ళకు అలా తోస్తుందట. అమ్మ ఒప్పుకోలేదు. "నేను చూస్తిని. లేదంటే ఎట్ల?" అంది.

మామ పరువు మాత్రం పోయింది. ఆయన దాచలేదు, బడిలో తానే చెప్పేశాడు. పిల్లలు నల్లబల్ల దగ్గరికి రంగు చాక్‌పీసులు తెచ్చి, "సార్, ఇది ఏం రంగు సార్?" అనేవాళ్ళు. తోటి మాస్టార్లు నవ్వు ఆపుకున్నట్టు నటించేవాళ్ళు. కొన్నాళ్ళు మిద్దెకు ఎవరూ రాలేదు. తర్వాత, రెండువేల సంవత్సరం దాటాక, అగ్గిపెట్టెల పట్టళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు పనయ్యాక రావడం మొదలుపెట్టారు. అమ్మ కోవిల్‌పట్టిలో ఉన్నప్పుడల్లా వచ్చేవాళ్ళు. ఎవరైనా రంగు అడిగితే మామ తడుముకోకుండా, "నాకి తెలీదమ్మా, మా అక్కను అడుగు" అనేవాడు. అలా అనడానికి ఆయన ఎంత దూరం నడిచి వచ్చాడో నాకు తెలుసు. నేను మాత్రం నడవలేదు.

నేను చెన్నైలో ఒక అచ్చాఫీసులో చేరాను. తెలుగు పుస్తకాలు వేసేవాళ్ళు. నోట్లో ఉన్న భాషకు అక్షరాలు అక్కడే నేర్చుకుని, ప్రూఫులు దిద్దేవాణ్ణయ్యాను. తెల్లకాగితం, నల్లక్షరం. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. దిద్దడానికి మాత్రం అందరూ వాడే ఎర్రసిరా వద్దని పెన్సిలు వాడేవాణ్ణి. ఎందుకని అడిగితే అలవాటనేవాణ్ణి. ఈ మధ్య మా ఆఫీసులో బొమ్మలు వేయడానికి చేరిన కుర్రాడు మొదటిరోజే, టీ తాగుతూ, "సార్, నాకు ఎరుపూ పచ్చా తేడా తెలీదు, అట్టలకు రంగులు వేసేటప్పుడు ఎవరైనా ఒకసారి చూసి చెప్పండి" అన్నాడు. అందరూ సరే అన్నారు. టీ చల్లారకముందే ఆ సంగతి అయిపోయింది. నేను నా గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను. నేనూ అంతే అని ఆ పిల్లవాడికి ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదు. ఒకే కన్ను, ఒకే లోకం. అతనికి అది చొక్కా సైజులాంటి విషయం. మాకు అది ఇంటిపరువు. ఎక్కడ మారింది ఇది, ఎవరు మార్చారు? తెలిస్తే వాళ్ళకు దణ్ణం పెట్టాలనుంది.

అచ్చాఫీసులో చేరిన కొన్నేళ్ళకు నాకు పెళ్ళయింది. జయది అరుప్పుకోట్టై దగ్గర పల్లె, మాలాగే ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు. ఆమెకూ చెప్పలేదు. చొక్కాలు ఆమెనే కొనమనేవాణ్ణి. మామిడిపండు పండిందో లేదో ఆమెనే చూడమనేవాణ్ణి. రోడ్డు దాటేటప్పుడు దీపాన్ని కాక పక్కవాళ్ళ కాళ్ళను చూసి కదిలేవాణ్ణి. ఎంత తెలివిగా గడుపుకొస్తున్నానో అని నాకు నేనే మెచ్చుకునేవాణ్ణి. పెళ్ళయ్యాక వచ్చిన రెండో ఆడిమాసంలో కోవిల్‌పట్టి వెళ్ళాం. అమ్మ అక్కడే ఉంది. సాయంత్రం మిద్దె మీద పట్టడి ఆడవాళ్ళు నలుగురైదుగురు, అత్త, మామ. జయ స్టూలెక్కి, కన్ను ఆనించి, చాలాసేపు చూసింది. దిగి నావైపు తిరిగింది.

"మీరొకసారి చూడండి. ఆ చిన్నది నాకి నీలం మాదిరి ఉండాది. మీ అమ్మేమో పచ్చంటుంది. మీకెట్ల ఉండాది?"

నేను కన్ను పెట్టాను. అదే ధగధగ, అదే మసక. పక్కన మామ ఉన్నాడు, వెనక అమ్మ ఉంది. ఇద్దరికీ నా సంగతి తెలుసు. తెలీదు అనడానికి అంతకంటే మంచి చోటు నాకు ఈ జన్మలో దొరకదు.

"పచ్చే" అన్నాను.

మామ వంగి పీఠం కింద చెక్కముక్క సర్దాడు. అమ్మ కొంగు భుజం చుట్టూ లాక్కుని, "గాలి ఎక్కువగా ఉండాది, దిగుదాం పదండి" అంది. 

మర్నాడు విరుదునగర్ బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. ఊరు దాటి నల్లరేగడి పొలాలు మొదలయ్యాక, బయటికి చూస్తూనే అంది.

"మీరు నన్ను చూసేదానికి వస్తిరే, ఆ రోజు మీ అమ్మ నన్ను పెరట్లోకి పిలుచుకోని పోయింది. మా వానికి ఎరుపు, పచ్చ తేడా తెలీదు తల్లీ, అది మా పుట్టింటి కన్ను, వాని తప్పు కాదు. నీకి ఇష్టం లేకుంటే ఇప్పుడే చెప్పేయి, తర్వాత వానిని ఎవురూ ఒక మాట అనగూడదు, అన్నింది. నేను పర్వాల్లే అంటిని. ఇంకోటి గూడా చెప్పింది. వాడే చెప్పేదాకా నువ్వు అడగొద్దు అని."

నేను ముందు సీటు కడ్డీ పట్టుకున్నాను.

"రెండేండ్లు అడగలే. నిన్న మిద్దెమీద, మీకెట్ల ఉండాది అంటే, చెప్తారేమో అనుకుంటిని" అంది.

అవ్వ నోటి వెంట వచ్చిన మాటను, తన్ను పొయ్యి దగ్గర కూలేసిన ఆ మాటను, అమ్మ కాబోయే కోడలి ముందు తన నోటితో తానే చెప్పుకుంది. నేను చెప్పాల్సింది తాను చెప్పింది. చెప్పానని నాతో అనలేదు. నేను చొక్కాలూ మామిడిపండ్లూ దాటవేస్తూ తిరుగుతుంటే ఇంటిల్లిపాదీ నాకు తెలీకుండా నన్ను కాచుకుంటూ వచ్చారు. బస్సులో కండక్టరు ఏదో అడిగాడు, నాకు వినబడలేదు. జయే జవాబు చెప్పింది.

సాత్తూరు దాటాక చెప్పాను. చుక్కల పుస్తకం, దీపంపెట్టె, రైలుగేటు దగ్గర సిగ్నలు, అన్నీ. తెలిసిన మనిషికే చెబుతున్నా ముఖం కాలిపోయింది, రెండుసార్లు ఆగిపోయాను. ఆమె ఎక్కడా అడ్డుపడలేదు. నాకు తెలుసులే అనలేదు. మొదటిసారి వింటున్నట్టుగా నావైపు తిరిగి కూర్చుని, చివరిదాకా విన్నది.